పాత జీపును నిలువబెట్టుట



1959వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు ఏర్పడిన నాటినుండి, 1980ల నడుమ మండలములు వచ్చి వాని స్థానము నాక్రమించువరకును, మన పల్లెటూరి పిల్లలకు ప్రభుత్వమనగా దుమ్ము రేపుకొనుచు వచ్చి రచ్చబండయొద్ద నాగెడి ఒక జీపు. బి.డి.ఓ. గారి జీపు, మలేరియావారి జీపు, అటవీశాఖవారి జీపు, ఎన్నికలనాడు మైకు కట్టుకొని తిరిగెడి జీపు. పేర్లు వేరైనను బండి మాత్ర మొక్కటే. సర్కారు కొలువు ముగిసిన పిమ్మట నవి వేలమునకు వచ్చెను. రైతులును, కంట్రాక్టర్లును, ఏజెన్సీ గ్రామములకు మనుషులను చేరవేయువారును వానిని పాడుకొనిరి. పెట్రోలు ఖర్చునకు తాళలేక కొందరు డీజిలు ఇంజన్లు పెట్టించుకొనిరి. మరికొందరు కొట్టములో నుంచి మరచిపోయిరి. ఆ మరచిపోయినవారి మనుమలు నేడు దానిని వెలికిలాగి, పైన గడ్డి దులిపి, ఇది మరల నడచునా యని అడుగుచున్నారు. నడచును. ఏ క్రమమున నడిపింపవలెనో, నడచిన దానిని ఎట్లు నిలుపుకొనవలెనో చెప్పుటకే ఈ ప్రసంగము.

మీ చేతిలో నున్నది ఏ తరమునకు చెందినదో తెలియనిదే సామాను దొరకదు గావున, దాని వంశమును ముందుగా కొంత చెప్పుకొందము. 1940 జులైలో అమెరికా సైన్యము తేలికపాటి నాలుగుచక్రాల డ్రైవు బండి కావలెనని 135 సంస్థలను కోరగా, బాంటమ్ అను ఒక చిన్న సంస్థ తొలి నమూనాను 49 దినములలో తెచ్చి నిలిపెను. కాని విస్తారముగ నిర్మించు భారము తుదకు విల్లీస్, ఫోర్డ్ సంస్థలకు దక్కెను. 1941 మొదలు 1945 వరకు ఆ రెండును కలిసి ఆరు లక్షలకు పైబడిన జీపులను చేసినవి. యుద్ధము ముగియగానే విల్లీస్‌వారు సేద్యపు పనులకని పౌరజీపును చేసిరి. యుద్ధకాలపు విల్లీసుకు ముందరి జాలీలో తొమ్మిది చీలికలుండును, పౌరజీపునకు ఏడు. మన దేశమున మహీంద్రావారు బొంబాయి మజగావ్‌లో 1949లో విల్లీసు జీపులను కూర్చుట ప్రారంభించిరి. 1953లో వచ్చిన సీజే-3బీ నమూనాకు బానెట్టు ఎత్తుగా నుండుట అందముకొరకు గాదు. లోపలికి గాలి పీల్చు వాల్వులను సిలిండరు దిమ్మలోనుండి పై హెడ్డులోనికి మార్చుటచేత ఇంజను ఎత్తు పెరిగి, దానిని కప్పుటకు మూతయు పైకి లేచెను. అమెరికాలో ఈ నమూనా 1968లో నిలిచిపోయినను, మనయొద్ద అది దశాబ్దములతరబడి కొనసాగెను. 1985లో వచ్చిన ఎంఎం540కి ప్యుజో వంశపు 2,112 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజను అమరెను. మీ బండి వీనిలో నేదియో నిర్ధారించుకొనిన పిదపనే బజారునకు పొండు. పేరు జీపు గనుక ఏ జీపు సామానైనను పట్టునను భ్రమతో డబ్బు పోగొట్టుకొనువారు కొల్లలు.

పాత బండిని చూడవచ్చినవారందరును మొదట అడుగు ప్రశ్న, ఎంత తిరిగినది యని. ఐదంకెల మీటరు లక్ష మైళ్ళు కాగానే మరల సున్నలకు వచ్చును. వేలములో కొన్న బండికి ఆ కేబులు తెగి ఎన్నాళ్ళయినదో చెప్పగలవా డెవ్వడు? అయినను ఆ సంఖ్య నిజముగ తెలిసినను నేను దానికి పెద్ద విలువ నీయను. తిరిగినందువలన అరిగిన వస్తువును మార్చవచ్చును: బేరింగు అరిగిన బేరింగు, బుషు అరిగిన బుషు, సిలిండరు అరిగిన రీబోరు. నిలిచియుండుటవలన కలిగిన చేటు అట్టిది కాదు. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొని సిలిండర్ల లోపలి గోడలను తినివేయును. ఆయిలుసీళ్ళు ఎండి పగుళ్ళిచ్చును. నీటిజాకెట్టులో తుప్పు పెచ్చులుపెచ్చులుగా ఊడి అడుగున పేరుకొనును. పెట్రోలు ఆవిరియై ట్యాంకులో జిగురు మిగులును. చిట్టెలుకలు వైర్లను కొరుకును. ప్రతిదినమును సంతకు పోయివచ్చుచు రెండు లక్షల మైళ్ళు తిరిగిన బండియు, పదునైదేండ్లు పాకలో నిద్రించిన తక్కువ మైళ్ళ బండియు ఎదుటనుండి, ఏది కొనవలెనని నన్నడిగినచో తిరిగిన దానినే కొనుమందును.

ఇక పని. ఇచ్చట యజమానికిని మేస్త్రికిని ఆదియందే అభిప్రాయభేదము కలుగుట పరిపాటి. యజమాని, "మేస్త్రిగారూ, ముందు పెయింటు సంగతి చూడండి, దసరాకి బయటికి తీయాలి" అనును. ఎరిగిన మేస్త్రి, "రంగేశాక తుప్పు నాకూ కనపడదు, మీకూ కనపడదు బాబుగారూ, లోపల దాని పని అది చేసుకుపోతుంది" అని, చేతిలోని చిన్న సుత్తితో చాసీ క్రిందికి దూరును. కుండ కొనువారు వ్రేలితో మ్రోగించి చూచినట్లు, అతడు చాసీ పట్టాలను ముందునుండి వెనుకకు జానెడు జానెడు దూరమున తట్టుకొనుచు పోవును. గట్టి ఉక్కు ఖంగుమనును. లోపల పొరలు పొరలుగా తుప్పు పట్టినచోట శబ్దము చచ్చి, బుడబుడమని రజను రాలును. ముఖ్యముగా చూడవలసినవి కమానుకట్టల బ్రాకెట్లు అతుకుకొన్న తావులు, వెనుక అడ్డుపట్టా, బాడీ బోల్టులు దిగిన చోట్లు. ఎడ్లబండి త్రోవలలో నేండ్లతరబడి మెలితిరిగిన చాసీకి, రివెట్ల ప్రక్కగా వెండ్రుకంత చీలిక పుట్టి మెల్లగా సాగును; మసియు గ్రీజును కిరోసినుతో కడిగి తుడిచిననే గాని అది కంటికి కనబడదు. చాసీ నిలువునట్టి దైననే తక్కిన ఖర్చునకు పూనుకొనవలెను. చీలికపై ఊరక వెల్డింగు గీత గీయుట పని కాదు. చీలిక చివర చిన్న రంధ్రము తొలిచి, అది మరి సాగకుండ చేసి, పైన పట్టీ వేయవలెను.

చాసీ పిమ్మట ముందు యాక్సిలు. దీనినిగూర్చి కొంచెము విపులముగా చెప్పెదను. ఏలయన, పాతజీపు భయపెట్టునను అపకీర్తి అంతయు ఇక్కడనే పుట్టినది. గంటకు నలువది మైళ్ళ ప్రాంతమున ముందు చక్రములు రెండును హఠాత్తుగా గజగజలాడి, స్టీరింగు చేతులలో నిలువక, బండి యంతయు వణకుట మీలో కొందరనుభవించియే యుందురు. దీనికి టైరు బ్యాలెన్సు చేయించినచో పోవునని కొందరు, షాకబ్జార్బర్లు మార్చుడని కొందరు చెప్పుదురు. మొదట చూడవలసినది కింగుపిన్ను బేరింగులు. ముందు యాక్సిలును జాకీతో లేపి, క్రింద గట్టి దుంగ పెట్టి, చక్రమును పైనను క్రిందను రెండు చేతులతో పట్టుకొని లోనికి బయటికి ఊపుడు. ఆడినచో, తోడివానిని బ్రేకు త్రొక్కి పట్టుమని మరల ఊపుడు. బ్రేకు పట్టినంతనే ఆట పోయినచో దోషము చక్రపు బేరింగుది. బ్రేకు పట్టినను ఆడుచునే యున్నచో కింగుపిన్నుది. ఈ చిన్న పరీక్షకు ఏ యంత్రమును అక్కరలేదు.

కింగుపిన్నుల పైమూత విప్పినపుడు దానిక్రింద కాగితమంత పలుచని ఉక్కు బిళ్ళలు కనబడును. బేరింగు బిగువు వానిమీదనే ఆధారపడియున్నది: ఒకటి తీసిన బిగియును, ఒకటి వేసిన సడలును. పలువురు మేస్త్రీలు చేతి అందాజున బిగింతురు. మెలకువగలవాడు మాత్రము స్ప్రింగుత్రాసు కొక్కెమును స్టీరింగు ఆర్ముకు తగిలించి, మెల్లగా లాగి, ఎంత బరువునకు కదలినదో చూచి, మాన్యువలులోని కొలతకు సరిపోల్చుకొనును. రెండు ప్రక్కలును సమముగా నుండవలెను. అటుపిమ్మట, ముందు అడ్డుపట్టా నడుమనున్న బెల్‌క్రాంకును చూడవలెను. స్టీరింగు పెట్టెనుండి వచ్చిన రాడ్డు దానికి తగిలి, దానినుండి రెండు టైరాడ్లు చెరియొక చక్రమునకు పోవును. అందలి పిన్ను అరిగినచో స్టీరింగు అరచుట్టు త్రిప్పినను చక్రము మేల్కొనదు. యాక్సిలు చివరనున్న పెద్ద ఇనుపగోళము చుట్టును నూనె తడి కనబడినచో లోపలి సీలు పోయినదన్నమాట. అశ్రద్ధ చేసినచో ఆ నూనె బ్రేకు లైనింగులను తడిపి, ఒకప్రక్క చక్రము పట్టియు నొకప్రక్క పట్టకయు బండి రోడ్డునుండి ప్రక్కకు లాగును.

బ్రేకుల విషయమున లోభము పనికిరాదు. ఆనాటి జీపులో పెడలు నుండి నాలుగు చక్రములకును పోవు నూనెమార్గ మొక్కటే. ఎచ్చటనైనను ఒక పైపు పగిలినచో నాలుగు చక్రములు ఒక్కమారే చేయి విడుచును. కావున ఇనుప పైపులు, రబ్బరు హోసులు, మాస్టరు సిలిండరు, చక్రముల సిలిండర్లు అన్నియు ఒక్కపర్యాయముననే క్రొత్తవి వేయించుట మంచిది. బాగున్నవి ఉంచుద మనుకొనుట ఇచ్చట పొదుపు కాదు. చేతిబ్రేకు మాట చెప్పకతప్పదు. విల్లీసు వంశమున అది చక్రములను పట్టదు. ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనుక, ప్రొపెల్లరు షాఫ్టు మొదటనున్న డ్రమ్మును పట్టును. అందుచేత షాఫ్టును విప్పిన మరుక్షణము చేతిబ్రేకు లాగియున్నను బండికి పట్టు లేదు. ఏటవాలు నేలపై క్రింద పరుండి షాఫ్టు బోల్టులు విప్పబోవువాడు చక్రములకు రాళ్ళు పెట్టిన తరువాతనే పానా చేత బట్టవలెను. చక్రముల సంగతి వచ్చినది గనుక నింకొకటి: విల్లీస్‌నాటి జీపులకు ఎడమప్రక్క చక్రముల నట్లు తిరుగుడు మరకు చేసినవి, గడియారపు ముల్లు తిరుగు దిశలో త్రిప్పిననే అవి వదులగును. ఈ సంగతి ఎరుగని కుర్రవాడు పానాకు నాలుగడుగుల గొట్టము తొడిగి, పైకెక్కి త్రొక్కి, స్టడ్డును పుటుక్కున త్రుంచును. పిమ్మట బండిది పాత ఇనుమని నిందించును.

ఇంజనునుగూర్చి జనులు ఎక్కువ మాటలాడుదురు గాని, ఈ బండిలో అన్నిటికంటె ఓర్పుగలది అదియే. విల్లీసు పెట్రోలు ఇంజనుకు సిలిండరు వ్యాసము 3.125 అంగుళములు, పిస్టను నడక 4.375 అంగుళములు, నడక దీర్ఘమగుటచేత అది మెల్లగా తిరుగుచు బలము నిచ్చును, తొందరపెట్టినచో రొప్పును. విప్పకమునుపే ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లను పరీక్షింపుడు. వానిలో వానికి 10 పౌండ్లకు మించి భేద మున్నచో, తక్కువైన దానిలో రెండు చుక్కలు ఇంజను ఆయిలు పోసి మరల చూడుడు: ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి, పెరుగనిచో వాల్వులు కూర్చుండుట లేదు. రింగులకు ఖర్చు హెచ్చు, వాల్వులకు తక్కువ. ఈ రెండు చుక్కల నూనె మీకు వేలకొలది రూపాయలు మిగుల్చును. మరి, వేడెక్కుచున్నదని రేడియేటరును నిందించుటకు ముందు, దిమ్మ ప్రక్కనుండు బిళ్ళమూతలను ఊడదీసి, కడపటి సిలిండరు చుట్టును ముద్దగట్టిన ఎఱ్ఱని తుప్పుబురదను తీగతో కెలికి నీటితో కడుగుడు. చెరువునీళ్ళు, కాలువనీళ్ళు పోసి నడిపిన బండ్లలో ఆ బురద దోసెళ్ళకొలది వచ్చును.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు కూర్చుండు సీటు క్రిందనే యున్నది. దానికి తూటు పడినచో మాటువేయించుట గాక మార్పించుటయే వివేకము. ఇప్పటి పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలియుచున్నందున, పాతరకపు రబ్బరుతో చేసిన పంపు డయాఫ్రమును, హోసులును త్వరగా మెత్తబడును. ఇథనాలుకు తట్టుకొను రబ్బరు సామాను వేయించి, దీర్ఘకాలము నిలుపబోవునపుడు ట్యాంకు ఖాళీ చేయుట మేలు. మొదటి జీపులకు కరెంటు 6 వోల్టులది. నేటి బండ్లకంటె వోల్టులు సగమైనపుడు అదే పనికి రెట్టింపు కరెంటు పారవలెను గావున కేబుళ్ళు లావుగా నుండవలెను. సెల్ఫు నీరసముగా తిరిగినంతమాత్రాన బ్యాటరీ కొనక, ఎర్తు తీగ చాసీకి తగిలినచోట రంగును, తుప్పును గీకి చూడుడు.

బాడీకి వత్తము. విశాఖ, భీమిలి, మచిలీపట్నము మొదలగు సముద్రతీరముల బండ్లకు ఉప్పుగాలి పైనుండి తినును. తక్కిన చోట్ల బండి లోపలినుండి చివుకును. నేలరేకు క్రింద పొడవున బిగించిన టోపీ ఆకారపు ఇనుపపట్టాలలో ఆనాటివారు బిగువునకై కొయ్య దూర్చిరి. ఆ కొయ్య వానాకాలమున పీల్చిన తేమను వేసవివరకు విడువదు. పైరేకు పటిష్ఠముగ కనబడుచుండగనే క్రిందిపట్టా పొడియై పోవును. కావున నేలరేకు నొకమారు పూర్తిగా విప్పవలసినదే. తుప్పు తిన్న రేకును గట్టి రేకు వచ్చువరకు కోసివేసి, క్రొత్తరేకు అతికి, రెడాక్సైడు పట్టించి, అటుపిమ్మట రంగు. తుప్పుపై లప్పము మెత్తి నునుపుచేసి మెరుగుపెట్టెడి పనితనము మన షెడ్లలో మిక్కిలి నేర్పుగా జరుగుచున్నది. అమ్మదలచినవారికి అది లాభము, ఉంచుకొనదలచినవారికి రెండేండ్ల ముచ్చట. ఒక అయస్కాంతపు ముక్కను జేబులో నుంచుకొని పోయినచో లప్పమెక్కడ, రేకెక్కడ అనునది అదియే చెప్పును.

ఇట్లు నిలిచిన బండిని నడుపుటలోను కొంత విద్య కలదు. నాలుగు చక్రాల డ్రైవు తారురోడ్డుకు గాదు. ముందు యాక్సిలునకు వెనుక యాక్సిలునకు నడుమ వేగభేదమును సర్దు డిఫరెన్షియలు ఈ బండిలో లేదు. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలసియుండగా, మట్టిలోనైన టైరు జారి సర్దుకొనును, తారుమీద జారలేక గేర్లును షాఫ్టులును మెలిపడి బిగుసుకొనును. అట్టియెడ లీవరు రాకున్న దానిని పెరికివేయ జూడక, బండిని నాలుగడుగులు వెనుకకు పోనిచ్చినచో అది తానే వదులును. ఈ కారణముచేతనే నాలుగు టైర్లును ఒకే కొలతవి, ఒకే అరుగుదలవి కావలెను. మారేడుమిల్లి ఘాటులోనో, అరకు దారిలోనో దిగునపుడు బ్రేకును త్రొక్కి పట్టుట తగదు. తక్కువ గేరు వేసి ఇంజనునే పట్టనీయవలెను.

గ్రీజు మాట వేరుగా చెప్పవలెను. కమాను షాకిళ్ళు, ప్రొపెల్లరు షాఫ్టుల క్రాసులు, టైరాడ్లు, బెల్‌క్రాంకు, వీనియందన్నిట గ్రీజునిప్పిళ్ళు గలవు. వేయి మైళ్ళకొకమారు గ్రీజుగన్ను పట్టవలెను. పాతగ్రీజు నల్లగా బయటికి వచ్చి, దాని వెనుక క్రొత్తగ్రీజు తేటగా తొంగిచూచువరకు కొట్టవలెనేగాని, పైన నాలుగు పోట్లు పొడిచి వదలుట వలన ఫలములేదు. నిప్పిలు మూసికొని గ్రీజు దిగనిచో దానిని మార్చుటకు నిమిషము పట్టును. మార్చనిచో ఆ పిన్ను మీకు పూటపని యగును. వాగు దాటించిన దినమున యాక్సిళ్ళ నూనెను తప్పక చూడవలెను: క్రింది ప్లగ్గు వదులు చేయగా మజ్జిగవలె తెల్లగా వచ్చినచో నీరు కలిసినది, ఆ రాత్రియే మార్చవలెను, మరునాటికి వాయిదా వేయగూడదు. బండి వాడుక లేని నెలలో సైతము ఒకమారైన బయటికి తీసి, ఇంజను బాగుగ వేడెక్కువరకు, బ్రేకులు పదిమార్లు పట్టువరకు, ముందు యాక్సిలు మట్టిదారిలో తిరిగి నూనె పైకెగయువరకు నడుపుడు. షెడ్డులోనే స్టార్టుచేసి అయిదు నిమిషములు మ్రోగించి ఆపుట వలన సైలెన్సరులో నీరు చేరుటకంటె వేరు ప్రయోజనము లేదు.

సామానుకు మనదేశమున కొరత లేకుండుట ఈ బండి యదృష్టము. విజయవాడ జవహర్ ఆటోనగరులోను, హైదరాబాదు పుత్లీబౌలీలోను వెదకినచో పాతవో క్రొత్తవో దొరకకపోవు. అయినను క్రొత్తదని చెప్పి ఇచ్చు దానికంటె, పాతబండినుండి విప్పిన అసలు గేరుచక్రము మేలైన సందర్భములు కలవు. పండ్ల కొసలను గోటితో తడిమి, పెచ్చు లేచినదా యని చూచి కొనుడు. పెద్ద టైర్లు, ఎత్తు లేపిన కమాన్లు, ముందర ఇనుపచట్రములు బిగించి సింగారించుటకు హర్యానాలోని మండీ డబ్వాలీ పేరుపడినది. నాకు మాత్ర మది రుచింపదు. చిన్న టైరుకు లెక్కగట్టిన యాక్సిలుపై పెద్ద టైరును మోపుట వలన స్టీరింగు బరువెక్కును, కింగుపిన్నులు త్వరగా అరుగును, బ్రేకు పట్టు తగ్గును.

చట్టమును మరువరాదు. ఇంజను మార్చినను, ఇంధనము మార్చినను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రమున ఎక్కింపవలెను. తాతలనాడు డీజిలు పెట్టించి నమోదు చేయింపని బండ్లు ఇచ్చటనే చిక్కుకొనును. కొనకముందే చాసీ నంబరును, ఇంజను నంబరును పత్రముతో సరిచూచుకొనుడు. 50 ఏండ్లు నిండి, చాసీ, బాడీ, ఇంజను ముఖ్యముగా మారని వాహనములకు 2021లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక నియమములు చేసి, నంబరులో వీఏ అను అక్షరములనిచ్చు పద్ధతి పెట్టినది. అట్లు నమోదైన బండి ప్రదర్శనలకును, ర్యాలీలకును వెళ్ళవచ్చును గాని నిత్యమును రోడ్డుపై తిరుగరాదు. కావున పొలమునకు, సంతకు, కొండదారికి తీయదలచినవారు ఆ గౌరవమున కాశపడక, ఐదేండ్లకొకమారు ఫిట్‌నెస్ చూపి సాధారణ రిజిస్ట్రేషనునే పొడిగించుకొనుట ఉచితము. ఆ పరీక్షకు పోవునాటికి బ్రేకులు, దీపములు, హారను, స్టీరింగు సరిగా నుండునట్లు నెలరోజుల ముందే పని మొదలుపెట్టుడు, ఏలయన చిన్న సీలు ఒకటి దొరకక బండి వారములకొలది విప్పిన చక్రముతో షెడ్డులో నిలుచుట సర్వసాధారణము.